మూడు గేదెల పాక: పదహారు నెలల డైరీ

జూన్ 14

కాలువలకు నీళ్ళు వదిలారు. పాక లెక్క ఈ రోజు నుంచి వేరే పుస్తకంలో రాస్తున్నాను.

అంబాజీపేటకు, పి. గన్నవరానికి నడుమ మా ఊరు. ఇంటితో కలిపి తొంభై సెంట్ల కొబ్బరి తోట, బోదె (చిన్న పంటకాలువ) అవతల అరవై సెంట్ల వరి చేను ఉన్నాయి. 1996 నవంబరు 6 తుఫానుకు తోటలో సగానికి పైగా చెట్లు కూలిపోయాయి. ఆ ఖాళీల్లో మామయ్యగారు నాటిన మొక్కలే ఇప్పుడు కాపు కాస్తున్నాయి. నేను ఎనిమిదేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి ఏప్రిల్‌లో మానేశాను. మా వారు కొబ్బరికాయల కొట్టులో పద్దులు రాస్తారు. ఆ జీతం పిల్లల చదువుకు, మామయ్యగారి మందులకు సరిపోతుంది. మిగతా ఇల్లంతా పాక మీద గడవాలి. ఖర్చులు పోను నెలకు 18,000 రూపాయలు మిగలాలన్నది నేను పెట్టుకున్న గురి. కొబ్బరి డబ్బు ఈ పుస్తకంలో కలపను. కలిపితే పాక తన కాళ్ళ మీద నిలబడిందో లేదో ఎప్పటికీ తెలియదు.

ఇప్పటికి పాకలో ఉన్నవి రెండు గేదెలు. గంగ ఆరు ఈతలు ఈనింది, జనవరిలో ఆఖరి ఈత. నల్లది మార్చిలో మూడో ఈత ఈనింది, మొన్ననే మళ్ళీ చూడికి కట్టించాం. పన్నెండు నాటు కోళ్ళు ఉన్నాయి. ఈ గేదెల సంగతులన్నీ అత్తయ్యగారికే తెలుసు. నాకు లెక్కలు తెలుసు.

మొదటి పని నేల. మట్టి నేలలో వానాకాలమంతా గేదెలు మూత్రంలోనే పడుకునేవి. పొదుగువాపు అక్కడి నుంచే వస్తుంది. కాంక్రీటు వేయించి, జారకుండా చీపురు పుల్లలతో గీతలు పెట్టించాను. గోలెం (మేత తొట్టి) వైపు నుంచి వెనక్కి నీరు పారేలా వాలు ఇచ్చి, కాలువ తవ్వించి దాన్ని బోదెలోకి కలిపాం. కడిగిన నీళ్ళు క్షణంలో పోతున్నాయి. ఖర్చు 21,400.

జూలై 2

మూడో గేదె వచ్చింది. గ్రేడెడ్ ముర్రా, రెండో ఈత, నెల రోజుల దున్నదూడతో సహా 92,000. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది కాబట్టి పిల్లలు చుక్క అని పేరు పెట్టారు.

కొనే ముందు మూడు రోజులు తిరిగాం. అమ్మేవాళ్ళు ఒక పూట పాలు పిండకుండా ఆపి మరుసటి పూట నిండు పొదుగు చూపిస్తారని అత్తయ్యగారు ముందే చెప్పారు. అందుకని వరుసగా నాలుగు పూటలు దగ్గరుండి పిండించాం. మొదటి పూట ఆరు లీటర్లు వచ్చాయి, తరువాతి మూడు పూటలు నాలుగున్నర చొప్పున. తొమ్మిది లీటర్ల గేదె అని ఖాయం చేసుకుని ఆ లెక్కనే బేరమాడాం. పాలు తీశాక పొదుగు ఖాళీ సంచిలా ముడుచుకోవాలి. గట్టిగా ఉంటే అది కండ. అత్తయ్యగారు నాలుగు చన్నులూ ఒక్కొక్కటిగా పిండి, మొదటి ధార నల్ల గుడ్డ మీద పట్టి విరుగుళ్ళున్నాయేమో చూశారు. నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టారు. ఎనిమిది పళ్ళూ వచ్చాయి గాని ఇంకా అరగలేదు.

జూలై 27

ఎగువన వానలు. కాలువ నీళ్ళు ఎర్రబడ్డాయి. 2022 జూలై గోదావరి వరదకు లంకల్లో పశువులున్నవాళ్ళు వాటిని గట్ల మీదికి తోలుకొచ్చి కట్టుకుంటే, ఊళ్ళోని గడ్డిమేట్లన్నీ వాటికే ఖర్చయ్యాయి. అందుకే ఈసారి మేటును రాతిస్తంభాలు పాతి మూడడుగుల ఎత్తున అటక మీద వేశాం.

పశుగ్రాసం సంగతి ఇలా ఉంది. చేతికందిన గడ్డి కాలువ గట్టుదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఈ కాలువలు పారినప్పటి నుంచి ఇక్కడి పశువులు ఈ గట్ల మీదే బతుకుతున్నాయి. కానీ అందరూ కోసేది అక్కడే కావడంతో ఎనిమిది గంటలకు వెళితే గట్టు నున్నగా ఉంటోంది. చేను గట్టున పది సెంట్లలో సూపర్ నేపియర్ కణుపులు నాటాను. కొబ్బరి నీడలో నేపియర్ ఎదగదు కాబట్టి చెట్ల నడుమ గినీ గడ్డి పిలకలు పెట్టాను. అవి అందివచ్చేదాకా గట్టు గడ్డే గతి.

అక్టోబరు 11

పది రోజులుగా చుక్క పాలు తగ్గుతున్నాయి. తొమ్మిది నుంచి ఏడు, ఏడు నుంచి ఐదున్నర. దాణా మార్చలేదు. తవుడు, తెలగపిండి, కొబ్బరి చెక్క అన్నీ అవే కొలతలు. పేడ పలచబడింది. దిష్టి అన్నారు కొందరు, ఎదకు వచ్చి ఉంటుందన్నారు మరికొందరు.

ఈ రోజు పొద్దున్న కుడితి పెడుతుంటే దాని దవడ కింద చేయి తగిలింది. మెత్తగా ఉంది. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడలేదు. అత్తయ్యగారిని పిలిచాను. ఆవిడ తడిమి చూసి, "నీరు దిగిందమ్మాయ్, ఇది దిష్టి కాదు. డాక్టరుగారికి ఫోను చెయ్యి" అన్నారు.

మూడు గేదెల పేడా సీసాల్లో పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. మైక్రోస్కోపులో నన్ను కూడా చూడనిచ్చారు. పసుపుపచ్చగా, కోలగా, ఒక కొన మూత పెట్టినట్టున్న గుడ్లు. కార్జపు జలగలవి. మూడింటికీ ఉన్నాయి, చుక్కకు ఎక్కువ.

డాక్టరుగారు కాగితం మీద గుండ్రంగా బొమ్మ గీసి చూపించారు. జలగ గుడ్లు పేడతో బయటికి వస్తాయి. నీటిలో పడితే పగిలి, అందులోంచి వచ్చిన పిల్ల నత్తలో దూరుతుంది. అక్కడ పెరిగి, నత్తను విడిచి, నీటి అంచున ఉన్న గడ్డిపోచకు అంటుకుని కంటికి కనబడనంత చిన్న గూడు కట్టుకుంటుంది. ఆ గడ్డి తిన్న పశువు కార్జంలోకి చేరుతుంది. "మీ పాక నీళ్ళు ఎటు పోతున్నాయి?" అని అడిగారు.

బోదెలోకి. ఆ బోదె వెంబడే మేం గడ్డి కోస్తున్నాం. జూన్‌లో నేను ముచ్చటపడి తవ్వించిన వాలు కాలువే దాదాపు నాలుగు నెలల పాటు జలగ గుడ్లను నత్తల దగ్గరికి చేర్చింది.

ఇంటికి రాగానే బోదె దగ్గరికి వెళ్ళాను. నీటి మట్టం దగ్గర కోసిన ఒక గుప్పెడు గడ్డిని తెల్ల గుడ్డ మీద దులిపాను. పదకొండు నత్తలు రాలాయి. చిటికెన వేలి గోరంత కూడా లేవు, పలచని గోధుమరంగు గుల్లలు. ఇన్నాళ్ళూ నా చేతుల మీదుగా గోలెంలోకి వెళ్ళినవి ఇవే. చాలా సేపు అక్కడే కూర్చున్నాను.

అక్టోబరు 13

మందు బరువును బట్టి వేయాలి. తూకానికి కాటా లేదు కాబట్టి టేపుతో కొలిచాం. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత 76 అంగుళాలు, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవు 54 అంగుళాలు. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆపైన పొడవుతో గుణించి 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుక్క సుమారు 472 కిలోలు. నేను కళ్ళతో వేసిన అంచనా 400. ఆ లెక్కన వేసి ఉంటే మందు చాలేది కాదు.

మందు వేశాక డాక్టరుగారు చెప్పినన్ని రోజులు పాలు అమ్మలేదు, ఇంట్లోనూ వాడలేదు. పాలు పోయించుకునే ఇళ్ళన్నిటికీ వెళ్ళి కారణం చెప్పాను. రెండు ఇళ్ళవాళ్ళు వేరేచోట వాడుక పెట్టుకున్నారు. మిగిలిన ఐదు ఇళ్ళవాళ్ళు ఆగుతామన్నారు. పూట పూటకూ బిందెడు పాలు గోతిలో పోస్తుంటే అత్తయ్యగారు చూడలేక లోపలికి వెళ్ళిపోయేవారు.

పాక కాలువను బోదె నుంచి తెంచి తోట మూల గొయ్యి తవ్వి అందులోకి మళ్ళించాం. పేడ, మూత్రం, గోలెంలో మిగిలిన గడ్డి, కొబ్బరి ఆకు అన్నీ అందులోనే. కుప్పగా మాగేటప్పుడు పుట్టే వేడికి ఆ గుడ్లు చచ్చిపోతాయి. గట్టు గడ్డి నీటి మట్టానికి జానెడు పైన మాత్రమే కోస్తున్నాం. కోసినది ఎండబెట్టి వేస్తున్నాం. తాగడానికి బోరు నీళ్ళే.

నవంబరు 20

చుక్క ఐదున్నర నుంచి ఏడున్నరకు పెరిగింది. ఇక పోయిన పాలు తిరిగి రావు, ఈ ఈతకు అంతే.

ఈ నెలలో నేర్చుకున్నది అంతకంటే పెద్దది. చుక్క ఈని ఐదున్నర నెలలైంది, ఇంకా కట్టలేదు. ఎదకు రావడం లేదనుకున్నాను. ఆవు ఎదకు వస్తే ఊరంతా వినబడేలా అరుస్తుంది. గేదె అలా కాదు, మూగ ఎద. ఎక్కువగా రాత్రిపూటే వస్తుంది, తెల్లారేసరికి ఆనవాళ్ళు సగం పోతాయి. అత్తయ్యగారు మూడు రాత్రులుగా పాకలోనే మంచం వేసుకున్నారు. నిన్న రాత్రి మూడింటికి తలుపు తట్టారు. టార్చి వేసి చూస్తే చుక్క నిలబడి ఉంది. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోస్తోంది. తోక పక్కకు పెట్టింది. దాని వెనక నుంచి నేల మీదికి గాజు తీగలా సన్నని పారదర్శకమైన జిగురు వేలాడుతోంది. అరుపు లేదు. గొంతులో చిన్న మూలుగు, అంతే. ఇంట్లో పడుకుని ఉంటే నాకు తెలిసేదే కాదు.

ఎద మొదలైన పన్నెండు గంటలకు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలని అంటారు. ఈ మధ్యాహ్నం గోపాలమిత్ర (ఊళ్ళో ఆ సూది వేసే కార్యకర్త) వచ్చి వేశారు.

రాత్రి లెక్క వేశాను. వట్టిపోయిన గేదె కూడా రోజుకు 120 రూపాయల మేత తింటోంది. ఎద ఇరవయ్యొక్క రోజులకు ఒకసారి వస్తుంది. ఒకటి తప్పిపోతే 2,520 రూపాయలు. సెప్టెంబరులో, అక్టోబరులో కనీసం రెండు తప్పిపోయి ఉంటాయి. పాలు ఎన్ని లీటర్లు అనే ఇన్నాళ్ళూ కొలుస్తూ వచ్చాను. ఈతకు ఈతకు మధ్య ఎన్ని రోజులు అన్నది ఇప్పటిదాకా పుస్తకంలో ఒక్కచోట కూడా రాయలేదు. కేలండర్‌లో ఎర్ర గుర్తులు పెట్టాను: డిసెంబరు 11, ఆ తరువాత జనవరి 1. ఆ రాత్రులు మళ్ళీ చూడాలి.

డిసెంబరు 9

సార్వా (వానాకాలపు వరి) కోతలు అయిపోయాయి. మా అరవై సెంట్లలో ఈసారి దాళ్వా (రెండో పంట వరి) వేయడం లేదు. కోతకు వారం ముందే నిలబడ్డ వరిలో పిల్లిపెసర, జనుము కలిపి చల్లాం. నేల తేమకే మొలిచాయి. ఒక పంట వదులుకుంటున్నావని మరిది గట్టిగానే అన్నాడు. నాకు మాత్రం దాళ్వా ధాన్యం కంటే ఎండాకాలానికి పచ్చి మేత, ఎండు జనుము ముఖ్యం.

కోసిన చేలల్లోకి బాతుల మందలు దిగాయి. కాపరుల దగ్గర గుడ్లకు వచ్చిన బాతులు పదిహేను కొన్నాను, ఒక్కోటి 260. నత్తల కోసమే కొన్నాను. బోదెలోకి దించిన మొదటి రోజే అవి ముక్కులతో గట్టు అంచునంతా జల్లెడ పట్టినట్టు వెతికాయి. సాయంత్రం తెల్ల గుడ్డ పరిచి మళ్ళీ గడ్డి దులిపి చూశాను. రెండే నత్తలు.

బాతు తెల్లవారుజామునే గుడ్డు పెడుతుంది. ఆరింటికి వదిలితే గుడ్లు బోదెపాలు. ఎనిమిదిన్నర దాకా గూడు తెరవకూడదు.

డిసెంబరు 28

కోళ్ళకు కొక్కెర తెగులు. ముప్పై ఒకటిలో పదిహేడు పోయాయి. పిల్లలకు ఏడో రోజు కంట్లో చుక్కల మందు వేశాను. ఎనిమిదో వారంలో వేయాల్సిన ఆర్2బి టీకా గేదెల హడావిడిలో దాటిపోయింది. తప్పు నాదే. చనిపోయినవాటిని లోతుగా పాతిపెట్టి సున్నం చల్లాం. గూడు ఖాళీగా ఉంచి, మిగిలినవాటిని వేరే మూలకు మార్చాను. టీకా తేదీలు కూడా ఇప్పుడు ఆ కేలండర్ మీదే ఉన్నాయి.

సంక్రాంతికి పుంజులు అమ్మమని వచ్చారు. మిగిలినవాటిలో ఒక డేగ పుంజు, ఒక కాకి పుంజు చూడముచ్చటగా ఉన్నాయి. పందెం కట్టడం చట్టరీత్యా నేరం. కాళ్ళకు కత్తి కట్టడానికి నేను పెంచలేదు. మా వారికి ఆ డబ్బు వదులుకోవడం ఇష్టం లేదు, ఇద్దరం రెండు రోజులు సరిగా మాట్లాడుకోలేదు. అమ్మలేదు.

ఫిబ్రవరి 16

ఎర్ర గుర్తులున్న రాత్రులు రెండూ చుక్క నెమ్మదిగా నెమరు వేస్తూ పడుకుంది. డాక్టరుగారు చేయి పెట్టి చూసి చూడి ఖాయమన్నారు. మూడు వందల పది రోజులు లెక్క వేస్తే సెప్టెంబరు 26.

గంగ సంగతి తేలడం లేదు. అక్టోబరులోనే వట్టిపోయింది. రెండుసార్లు సూది వేయించినా నిలవలేదు. బేరగాడు వచ్చి ధర చెప్పి వెళ్ళాడు. పుస్తకం చూస్తే అమ్మేయాలి. అత్తయ్యగారు ఆ రోజు అన్నం తినలేదు. ఈ ఇంటి అప్పులు తీరింది గంగ పాలతోనేనని నాకూ తెలుసు. మరునాడు ఆవిడే నా దగ్గరికి వచ్చి, "దాని మేత నా పింఛను డబ్బుల్లోంచి రాసుకో అమ్మాయ్. నీ లెక్క నీది, దాన్ని మాత్రం నాకు వదిలెయ్యి" అన్నారు. అలాగే రాస్తున్నాను. గంగకు పుస్తకంలో వేరే పేజీ ఉంది. పేడ మాత్రం పాక ఖాతాలో వేసుకోవచ్చని ఆవిడే అన్నారు.

మార్చి 22

ఇంతవరకు ఇదే అడుగు నెల. నల్లది చూడితో వట్టిపోయింది, ఒక్క చుక్క మీదే నడిచింది. మిగిలింది 3,150.

దానికి తోడు, తోటలో పడమటి వరుస చెట్ల కొత్త ఆకులు కత్తెరతో విసనకర్రలా కత్తిరించినట్టు విచ్చుకుంటున్నాయి. మొవ్వు (నడిమి లేత ఆకు)లోకి కొమ్ము పురుగు తొలిచింది. కాయల దింపు తీసే ఆయన ఇనుప ఊచతో నాలుగు పెద్ద పురుగులు గుచ్చి తీశాడు. పడమటి వరుసకే ఎందుకు వచ్చిందో వెతకక్కర్లేదు. ఎరువు గొయ్యి ఆ మూలే ఉంది.

గొయ్యి తిరగేశాం. ప్రతి పారకూ రెండు మూడు, బొటనవేలంత లావున, తెల్లగా ముడుచుకున్న పురుగులు. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఇలాంటి పేడలోనే. జలగలకు భయపడి పేడను పోగు చేస్తే అది కొబ్బరికి చేటు తెచ్చింది. కోళ్ళను, బాతులను గొయ్యి దగ్గరికి వదిలాను. మధ్యాహ్నానికి కదల్లేనంతగా తిన్నాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం నుంచి మెటారైజియం శిలీంద్రం తెచ్చి గోతిలో చల్లాం. ఈ శిలీంద్రం పట్టిన పురుగు బిగుసుకుపోయి పైన ఆకుపచ్చని బూజు కప్పుకుంటుందట, చూడాలి. ఇక మీదట రెండు గోతులు. నెలకొకసారి తిరగేయడం, తిరగేసిన రోజు కోళ్ళకు దాణా మానేయడం.

ఏప్రిల్ 23

నల్లది ఈనింది. దున్నదూడ. కాలువలు కట్టేశారు, గట్లు ఎండిపోయాయి. జనుము మోపులు అటక మీద ఉన్నాయి, పిల్లిపెసర రెండు కోతలు తిన్నాయి. పోయిన ఏడు ఇదే నెలలో ఇంట్లో 4,000 పెట్టి గడ్డి కొన్నారు. ఈసారి ఒక్క మోపు కూడా కొనలేదు. మరిది జనుము విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

జూన్ 30

గోతిలో ఆకుపచ్చ బూజు పట్టిన పురుగులు కనబడుతున్నాయి. కొత్త మొవ్వులు శుభ్రంగా వస్తున్నాయి. వానలకు ముందే మూడింటికీ గొంతువాపు, జబ్బవాపు టీకాలు అయ్యాయి. పేడ పరీక్షలో జలగ గుడ్లు లేవు. వానాకాలం చివర మళ్ళీ చేయించాలి.

సెప్టెంబరు 27

నిన్న రాత్రి పదకొండింటికి చుక్క లేచి నిలబడటం, పడుకోవడం మొదలుపెట్టింది. తోక మొదట రెండు వైపులా గుంటలు పడ్డాయి. ఒంటిగంటకు ఉమ్మనీటి తిత్తి కనబడింది. అందులో తెల్లగా రెండు గిట్టలు, వాటి మీద ముక్కు. తల సరిగా వస్తోందని అత్తయ్యగారు నన్ను చేయి పెట్టనివ్వలేదు. "దాని పని దాన్ని చేసుకోనివ్వు" అన్నారు. ఒకటీ నలభైకి పెయ్యదూడ నేల మీద పడింది. ముక్కులో జిగురు తుడిచాం. చుక్క దాన్ని నాకుతూ గొంతులోంచి మేం ఎన్నడూ వినని చప్పుడు చేసింది.

బొడ్డుకు అయోడిన్ పెట్టాం. దూడ నిలబడటానికి నాలుగుసార్లు పడింది. ఐదోసారి లేచి తల్లి ముందు కాళ్ళ మధ్య వెతుకుతుంటే పొదుగు దగ్గరికి తిప్పి చన్ను నోట్లో పెట్టాను. మాయ పడేదాకా పాలు ఇవ్వకూడదని పక్కింటివాళ్ళు అంటారు. ఆగకూడదు. మొదటి గంటలో తాగిన ముర్రుపాలే దాని రోగాలకు అడ్డు. మొదటి రోజు మొత్తానికి దూడ బరువులో పదో వంతు తాగాలి. ముప్పై కిలోలుంటుంది, మూడు లీటర్లు. మాయ తెల్లవారి ఏడింటికి పడింది. కుక్కలు లాగకుండా కొబ్బరి చెట్టు మొదట్లో పాతాం. పన్నెండో రోజు ఏలికపాముల మందు. గేదె దూడలు తల్లి పాల ద్వారానే ఏలికపాములు తెచ్చుకుంటాయి, ఈ మందు మానితే దూడలు నెల తిరగకుండా చనిపోవచ్చు. కేలండర్ మీద రాశాను.

జున్ను మొదట ఇచ్చింది పోయిన అక్టోబరులో ఆగుతామన్న ఆ ఐదు ఇళ్ళకు.

అక్టోబరు 31

ఈ నెల లెక్క. ఇళ్ళకు పోసిన పాలు 17,360. పాల కేంద్రానికి పోసినవి, వెన్న శాతం మీద 9,300. బాతు గుడ్లు 2,800. కోళ్ళు, వాటి గుడ్లు 1,640. మొత్తం 31,100. దాణా 10,200, వరిగడ్డి 1,300, కోళ్ళకు, బాతులకు నూకలు, తవుడు 1,450, మందులు, డాక్టరుగారు 650, కరెంటు, తాళ్ళు వగైరా 500. ఖర్చు 14,100. మిగిలింది 17,000.

గురికి వెయ్యి తక్కువ. అదీ రెండు గేదెలు పాలిస్తున్న మంచి నెలలో. పదహారు నెలల సగటు తీస్తే 8,900 మాత్రమే వస్తోంది. అందులో మా ఇద్దరి కూలి లేదు. పెయ్య పాకలో పెరుగుతోంది, కానీ అది పాలివ్వడానికి ఇంకా మూడేళ్ళ పైన పడుతుంది. అప్పటిదాకా సగటు పెరగడానికి ఒకటే దారి కనబడుతోంది. చుక్కకు ఈతకు ఈతకు మధ్య దాదాపు పదహారు నెలలు పట్టింది. దాన్ని పదమూడుకో పద్నాలుగుకో తేవాలి. నల్లది పదమూడున్నర నెలల్లో ఈనింది, కాబట్టి ఈ పాకలోనే అది కుదిరింది.

పేడ పరీక్షలో నల్లదానికి మళ్ళీ రెండు మూడు గుడ్లు కనబడ్డాయి. రేపు కొలిచి మందు వేయాలి. ఇళ్ళన్నిటికీ ఈ సాయంత్రమే వెళ్ళి చెప్పి వచ్చాను.

చుక్క ఈని నవంబరు 11కి నలభై ఐదు రోజులవుతుంది. అత్తయ్యగారికి ఈసారి చలికి దగ్గు ఎక్కువగా ఉంది. అందుకని పాకలో మంచం నేను వేసుకుంటున్నాను. ఫోనులో రాత్రి మూడింటికి అలారం పెట్టాను. టార్చికి కొత్త బ్యాటరీలు తెచ్చాను.